కంటి ఆపరేషనుకు గురి పరీక్ష

ప్రజలకు సేవలు అందకపోవడానికి అసలు కారణం ప్రజలకు గురి లేకపోవడమేనని కంటి ఆరోగ్య శాఖ నిరుడు అధికారికంగా తేల్చింది. (అంతకు ముందు ఏడాది కారణం ప్రజలకు ఓపిక లేకపోవడం. దానికీ ముందు, చిరునామా రుజువు లేకపోవడం.) ఈ విషయం కనిపెట్టినందుకు శాఖవారు తమకు తామే ఒక సన్మానం చేసుకున్నారు. శాలువా కప్పినవారూ, కప్పించుకున్నవారూ ఒకే గదిలో పనిచేస్తారు కాబట్టి ప్రయాణ భత్యం కూడా మిగిలింది.

ఇదంతా ఆషామాషీగా జరిగింది కాదు. పూర్వం కంటి ఆపరేషను కావాలంటే ఆసుపత్రి ముందు లైన్లో నిలబడేవారు. లైను రోడ్డు మీదకు వచ్చేది. రోడ్డు మీద జనం కనిపిస్తే జబ్బులున్నాయని తెలిసిపోతుంది గనుక శాఖవారు లైను తీసేసి యాప్ పెట్టారు. యాప్‌లో రోజూ ఉదయం పది గంటలకు ఇరవై తేదీలు తెరుచుకుంటాయి. పది గంటల మూడు సెకన్లకు మూసుకుపోతాయి. ఆ మూడు సెకన్లలో మనుషులెవరూ నొక్కలేకపోయారు. దళారుల కంప్యూటర్లు మాత్రం చకచకా నొక్కి తేదీలన్నీ ఎగరేసుకుపోయాయి. రికార్డుల ప్రకారం ఆ ఏడాది ఎక్కువ శుక్లాలు ఉన్నది కంప్యూటర్లకే.

దీన్ని అరికట్టే బాధ్యత స్లాట్ల పరిరక్షణ ఉప సంచాలకులు గారి మీద పడింది. ఆయన తల పట్టుకుని ఇంటికి వెళ్లారు. ఇంట్లో, ఉద్యోగం వెతుక్కోమని మూడేళ్ల కిందట పిలిపించిన బావమరిది కంప్యూటర్ ముందు కూర్చుని గురి శిక్షణ ఆట ఆడుతున్నాడు. తుపాకీ ఆటలు ఆడేవాళ్లు అసలు ఆటలోకి దిగే ముందు చెయ్యి కుదరడానికి ఆడే ఆట ఇది. బూడిదరంగు గోడ మీద ఒక పసుపు బంతి వస్తుంది. మౌస్ కదిపి కాలిస్తే మాయమై ఇంకోచోట వస్తుంది. దాన్నీ కాల్చాలి. కథ లేదు, మలుపు లేదు, ముగింపు లేదు. ఎంతసేపు కాల్చినా బంతులు తగ్గవు. ఆఫీసు పనికి ఇంత దగ్గరగా ఉన్న ఆటను తాను చూడలేదని ఉప సంచాలకులు గారు తర్వాత ఒక సదస్సులో చెప్పారు.

మరుసటి నెల నుంచి యాప్‌లో 'తేదీ ఖరారు' బొత్తాం పోయి బంతులు వచ్చాయి. అరవై సెకన్లలో ముప్పై బంతులు. ఎనభై శాతం కొడితే ఆపరేషను తేదీ వస్తుంది. (సాఫ్ట్‌వేరు ఎవరు సమకూర్చారో అడగకండి. బావమరిదికి ఉద్యోగం దొరికిందని మాత్రం చెప్పగలను.)

దళారుల కంప్యూటర్లు ఆగాయి గానీ, వాటి స్థానంలో చురుకైన పిల్లలు దిగారు. తాతల పేరు మీద మనవలూ, మనవలు లేని తాతల పేరు మీద పక్కింటి మనవలూ కొట్టేశారు. దాంతో మొదటి సవరణ వచ్చింది: రోగి స్వయంగా, సేవా కేంద్రంలో, కెమెరా ముందు కూర్చుని కొట్టాలి. రెండో సవరణ ప్రకారం మౌస్ తనిఖీ అధికారిని నియమించారు. చూపు లేనివాళ్లు బంతులెలా కొడతారని ఎవరో ఒక పెద్దమనిషి అడిగిన పాపానికి మూడో సవరణ వచ్చింది: 'దృష్టి లోపం గలవారి సౌకర్యార్థం' ప్రతి బంతికీ ఒక శబ్దం. బంతి ఎడమవైపు వస్తే ఎడమ చెవిలో, కుడివైపు వస్తే కుడి చెవిలో. పైన వస్తే సన్నగా, కింద వస్తే బొంగురుగా. ఇంత దయగల శాఖ ఇంకొకటి ఉండదని ఆ రోజుల్లో నేనూ అనుకున్నాను.

అనుకోవడానికి కారణం మా మేనత్త. ఆవిడ దర్జీ. నలభై ఏళ్లుగా మా ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. చొక్కాలు మిషను మీద కుట్టినా కాజాలు మాత్రం చేత్తోనే కుడుతుంది. మిషను కాజా కుట్టిన చొక్కా వేసుకున్నవాణ్ణి ఆవిడ పైనుంచి కిందకి చూసే చూపు చాలామందికి గుర్తుంటుంది. ఇప్పుడు ఆ చూపే పోతోంది. కుడి కన్ను దాదాపు మూసుకుపోయింది. ఎడమ కన్ను దాని వెనకే నడుస్తోంది. శుక్లాలు బాగా ముదిరాయి, నాలుగు నెలల్లోపు తీయించకపోతే తర్వాత తీసినా పూర్తి చూపు వస్తుందని చెప్పలేనన్నాడు డాక్టరు. ఊళ్లో కంటి ఆపరేషన్లు చేసేది శాఖవారి ఆసుపత్రి ఒక్కటే. పై ఊళ్లో డబ్బు కట్టి చేయించే స్తోమత మాకు లేదు.

ఆ వారంలోనే ఒక పెళ్లికొడుకు కోటుకు ఆవిడ కాజా ఒక దారం పక్కకి కుట్టింది. అతనికి తెలియలేదు. ఆవిడ వేలు పెట్టి చూసుకుని తెలుసుకుంది. కోటు ఇచ్చి పంపి, తలుపు గడియ పెట్టి, మిషను మీద గుడ్డ కప్పేసింది. మళ్లీ కాజాలు కుట్టగలిగితేనే ఆ గుడ్డ తీస్తానంది. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

మా వీధి చివర ఒక గేమింగ్ సెంటరు ఉంది. గురి పరీక్ష వచ్చాక అక్కడి తుపాకీ ఆటల కుర్రకారంతా పొద్దున పూట బయటికి పోయి, ఆ కుర్చీల్లో పెద్దవాళ్లు చేరారు. ముక్కు తెరకి ఆనించి కూర్చున్న రిటైరైన రైలు గార్డు, పక్కనున్న మాజీ నర్సమ్మతో, "మీరు మణికట్టుతో కొడుతున్నారండీ, అందుకే వణుకు. మోచెయ్యి కదపాలి," అంటున్నాడు. ఆవిడ, "నా సెన్సిటివిటీ జోలికి రాకండి, మీ సంగతి మీరు చూసుకోండి," అంటోంది. ఈ సెన్సిటివిటీ మనసుకి సంబంధించినది కాదు. మౌస్ కొంచెం కదిపితే తెర మీద గురి ఎంత పరుగెడుతుందన్న లెక్క.

అక్కడి కోచ్ ఇరవై రెండేళ్ల అమ్మాయి. అందరూ 'హెడ్‌షాట్' అని పిలుస్తారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆధార పత్రాల్లో ఉందని చెప్పింది. రాష్ట్రస్థాయి జట్టులో ఆడాల్సిన పిల్ల. ఇప్పుడు అరవై దాటినవాళ్ల చేత బంతులు కొట్టిస్తోంది. అత్తని కూర్చోబెట్టి ఆట తెరిచింది. తెర కింది భాగంలో ఒక తుపాకీ ప్రత్యక్షమైంది. అదొక్కటి అత్తకి లీలగా కనిపించింది.

"తుపాకీ ఎందుకే? నేనడిగింది డేటు," అంది అత్త.

"ఫస్ట్ పర్సన్ షూటర్ ఆంటీ ఇది. తుపాకీ మీ చేతిలోనే ఉంటుంది. మీరు మనిషిలా కనపడరు, తుపాకీ ఒక్కటే కనపడుద్ది."

"ఆసుపత్రికి నేను మనిషిలా కనపడకపోవడం కొత్తేం కాదులే. కానియ్."

మొదటి రోజు ఆవిడ స్కోరు నాలుగు శాతం. అందులో సగం, మౌస్ చేతిలోంచి జారి కింద పడ్డప్పుడు వచ్చింది. ఆవిడ మౌస్‌ని ఇస్త్రీపెట్టెలా పట్టుకుని బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి తోసేది. హెడ్‌షాట్ నన్ను పక్కకి పిలిచింది.

"అన్నా, ఆంటీకి బంతి కనపట్లేదు."

"కనపడితే ఇక్కడికెందుకు తీసుకొస్తానమ్మా?"

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. నిజానికి ఈ ప్రశ్న శాఖలో ఎవరైనా అంతసేపు ఆలోచించి ఉంటే నాకు ఈ వ్యాసం రాసే శ్రమ తప్పేది. తర్వాత వెళ్లి తెర ఆర్పేసింది. పూర్తిగా. అత్త చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, "కళ్లు మూసుకోండి ఆంటీ. చప్పుడు ఎక్కడ వస్తే అక్కడికి చెయ్యి పోనివ్వండి. మా ఆటల్లో కూడా శత్రువుని ముందు చెవితోనే పట్టుకుంటాం," అంది.

నలభై ఏళ్లు మిషను చప్పుడు విన్న చెవులవి. పక్క గదిలో కూర్చుని, కుట్టు ఎక్కడ తప్పిందో, సూది ఎక్కడ మొద్దుబారిందో చెప్పగల చెవులు. రెండో రోజు పన్నెండు శాతం. వారానికి ముప్పై. అయితే చేతికి దారి దొరకలేదు. పైన ఎడమ అంటే ఎంత పైన, ఎంత ఎడమ? ఒకరోజు ఆవిడ విసుగొచ్చి మౌస్ వదిలేసి, "ఒసేయ్, ఈ తెర ఎంత వెడల్పే?" అని అడిగింది. హెడ్‌షాట్ చెప్పింది. అత్త జానలు వేసి కొలిచింది. "నలభై నంబరు చొక్కా," అంది.

ఆ తర్వాత ఆవిడకి తెర తెరగా లేదు, పరిచిన చొక్కా అయింది. కుడిచెవిలో మధ్యస్తంగా మోగితే, "జేబు." సన్నగా మోగితే, "కాలరు." ఎడమచెవిలో బొంగురుగా వస్తే, "కింద అంచు." అంటూ పైకే చెబుతూ కొట్టేది. జేబు, కాలరు, చంక, భుజం, అంచు, మళ్లీ జేబు. చెప్పడం పూర్తికాకముందే బంతి పేలేది. ఐదో వారానికి తొంభై ఏడు శాతం. రాష్ట్రస్థాయి ఆటగాళ్లు ముగ్గురు వచ్చి ఆవిడ వెనక నిలబడి నోరెళ్లబెట్టుకుని చూశారు. వాళ్లలో ఒకడు సాయంత్రం ఇంటికెళ్లి చొక్కా విప్పి మంచం మీద పరుచుకుని సాధన చేశాడట. గార్డుగారు తన శిష్యత్వాన్ని మాజీ నర్సమ్మ ముందే ప్రకటించారు. హెడ్‌షాట్ మాత్రం బాత్రూములోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. నాకు తెలిసి ఆ సెంటర్లో గర్వంతో ఎవరైనా ఏడవడం అదే మొదలు.

పరీక్ష రోజు సేవా కేంద్రంలో మమ్మల్ని గంటన్నర కూర్చోబెట్టారు. కూర్చున్నవాళ్లు కాలక్షేపానికి చదువుకోవడానికి గురి నిబంధనల పుస్తకం బల్లకి గొలుసుతో కట్టి ఉంది. నేను పుస్తకాలకి ప్రూఫులు దిద్దుతాను. అదే నా ఉద్యోగం. అలవాటు కొద్దీ పెన్ను తీసి పద్నాలుగో నిబంధన ఉన్న పేజీలో రెండు అచ్చుతప్పులు దిద్దాను. ఈ సంగతి గుర్తుంచుకోమని చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

మౌస్ తనిఖీ అధికారి మౌస్ తిరగేసి చూసి, వాసన చూసి, సంతకం చేశాడు. కెమెరా వెలిగింది. అత్త కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరవాలమ్మా. ఫొటోలో కళ్లు మూసుకుంటే ఒప్పుకోరు," అన్నాడు అధికారి.

"తెరిస్తే ఏంటి, మూస్తే ఏంటి బాబూ? రెండూ ఒకటే." అంటూనే తెరిచింది.

ముప్పైకి ఇరవై తొమ్మిది. ఆ ఒక్కటీ అధికారి తుమ్మడం వల్ల పోయింది. యంత్రం లోంచి కాగితం వచ్చింది. తేదీ: రెండు వారాల తర్వాతి మంగళవారం. నేను పెద్దగా చదివి వినిపించాను. అత్త ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. ఇంటికెళ్లి మిషను మీది గుడ్డ తీయలేదు గానీ, గుడ్డ కిందనుంచి చెయ్యి పోనిచ్చి చక్రానికి నూనె వేసింది. ఆ రెండు వారాలూ ఇంట్లో పండగలా గడిచాయి.

మంగళవారం ఆసుపత్రి కౌంటరు దగ్గర గుమస్తా అత్త కాగితం చూసి, లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"అమ్మా, అభినందనలు. తొంభై ఆరు పాయింట్ ఆరు. మా కౌంటరుకి ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే ఎక్కువ."

"సంతోషం నాయనా. ఏ గదిలోకి వెళ్లమంటావు?"

"ఇంటికండి. పద్నాలుగో నిబంధన ప్రకారం తొంభై శాతం దాటినవారికి చూపు సక్రమంగా ఉన్నట్టు లెక్క. ఆపరేషను అవసరం లేదు."

అంటే ముప్పై బంతుల్లో ఇరవై నాలుగు కన్నా తక్కువ కొడితే గురి లేదు కాబట్టి తేదీ రాదు. ఇరవై ఏడు దాటితే జబ్బు లేదు కాబట్టి ఆపరేషను లేదు. ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఈ నాలుగు అంకెల మధ్య గుడ్డివాళ్లని మాత్రమే ప్రభుత్వం గుర్తిస్తుంది. అరికాలి మంట నెత్తికెక్కి, ఆ నిబంధన ఎక్కడుందో చూపించమని అరిచాను. గుమస్తా పుస్తకం తెచ్చి చూపించాడు. సేవా కేంద్రంలో చూసిన పుస్తకమే. పద్నాలుగో నిబంధన. అక్కడ నేను దిద్దిన రెండు అచ్చుతప్పులు ఇక్కడా ఉన్నాయి. అక్షరాలన్నీ చూశాను, అర్థం ఒక్కటే నా కంటపడలేదు. శుక్లం ఎవరికో నాకు ఆ క్షణంలో అర్థమైంది. అత్త ముందు తలెత్తలేకపోయాను.

"ఆవిడ చూసి కొట్టలేదయ్యా! చప్పుడు విని కొట్టింది!" అన్నాను.

గుమస్తా మొహం గంభీరమైంది. గొంతు తగ్గించి, "సార్, ఆ మాట గట్టిగా అనకండి. శబ్ద సౌకర్యం దృష్టి లోపం ఉన్నవాళ్లకే. స్కోరు ప్రకారం అమ్మగారికి లోపం లేదు. లోపం లేకుండా శబ్దం వాడుకున్నారని తెలిస్తే కేసవుతుంది. మీరు మంచివాళ్లలా ఉన్నారు, నేను విననట్టు ఉంటాను," అన్నాడు. ఆ కౌంటరులో నాకు దొరికిన సాయం అదొక్కటే. థాంక్స్ కూడా చెప్పాను.

అప్పీలుకు వెళ్లాం. అప్పీలంటే ఉప సంచాలకులు గారి ఎదుట మళ్లీ కొట్టడం. ఈసారి పది బంతులు. పదికి పదీ తప్పాలి. తప్పితే చూపు లేదని నమ్మి, పాత స్కోరు రద్దు చేస్తారు. 'తప్పులు సహజంగా ఉండవలెను' అని కింద షరా. (ఈసారి అర్థం కూడా చదివాను.) అప్పటికి డాక్టరు ఇచ్చిన నాలుగు నెలల్లో మూడు గడిచాయి.

హెడ్‌షాట్ తన వృత్తి జీవితంలో మొదటిసారి గురి తప్పడానికి శిక్షణ ఇచ్చింది. కష్టమైన పని. చప్పుడు వినగానే అత్త చెయ్యి తనంతట తనే వెళ్లి బంతిని పేల్చేస్తోంది.

"ఆంటీ, చెడగొట్టండి! ప్లీజ్!"

"కావాలని ఒక్క కుట్టు చెడగొట్టలేదే నా బతుకులో. చెయ్యి రానంటోంది, నేనేం చేసేది?"

"చెయ్యి మాట వినకండి."

"ఇన్నాళ్లూ దాని మాట విని అన్నం తిన్నాను. ఇప్పుడు వినకపోతే బాగుంటుందా?"

అయినా పట్టుదల గల మనిషి. పది రోజుల్లో తప్పడం నేర్చుకుంది. చివరి సాధనలో పదికి పది తప్పింది. సెంటరంతా చప్పట్లు కొట్టారు.

ఉప సంచాలకులు గారు మర్యాదస్తులు. అత్తకి స్వయంగా కుర్చీ జరిపారు, మంచినీళ్లు తెప్పించారు, తన గదిలో ఏసీ ఎక్కువైతే చెప్పమన్నారు. అత్త కళ్లు తెరిచి, హెడ్‌ఫోన్లు పెట్టుకోకుండా కూర్చుంది. హెడ్‌ఫోన్లు ముట్టుకోవద్దని నేనే చెప్పాను, కేసు భయంతో. కానీ ఆయన మంచితనం కొద్దీ స్పీకర్లు పెట్టించారు. టుక్. తప్పింది. టుక్. తప్పింది. పదికి పదీ తప్పాయి. హెడ్‌షాట్ నా చొక్కా చెయ్యి పట్టుకుని నలిపేసింది. అయిపోయిందనే అనుకున్నాం.

యంత్రం ఒక బొమ్మ అచ్చువేసి ఇచ్చింది. పది బంతులు, పది తూటా గుర్తులు. ఉప సంచాలకులు గారు దాన్ని వెలుతురుకు పెట్టి చూశారు. స్కేలు తెప్పించి కొలిచారు. ఒక్కో బంతి దగ్గరా కొలిచి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, ప్రతి గుండూ బంతి అంచుకి సరిగ్గా అరంగుళం బయట పడింది. పదికి పదీ. వెంట్రుకవాసి తేడా లేదు."

అత్త ఆశ్చర్యపోయింది. "కుట్టుకి ఆ మాత్రం వదలొద్దా బాబూ?"

"ఏ కుట్టుకి?"

"ఏ కుట్టుకైనా. అరంగుళం వదలకుండా ఎవరు కత్తిరిస్తారు?"

ఆయన నా వైపు చూశారు. ఆవిడ దర్జీ అని చెప్పాను. నలభై ఏళ్లుగా గీత మీద కత్తిరించని మనిషి, గీతకి అవతల అరంగుళం వదిలేసి కత్తిరించే మనిషి, గురి తప్పమంటే తనకి తెలిసిన ఒకే ఒక పద్ధతిలో తప్పిందని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. చాలా చక్కగా వివరించానని మెచ్చుకున్నారు కూడా. తర్వాత తీర్పు రాశారు: ఇంత కచ్చితంగా తప్పడం మంచి చూపు ఉన్నవారికి మాత్రమే సాధ్యం. అప్పీలు కొట్టివేయడమైనది. మళ్లీ దరఖాస్తు ఏడాది గడిచాకే పెట్టుకోవలెను.

ఏడాది అన్నాను నేను. మాకు నెల కూడా లేదు అన్నాను. నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది, నిజంగా ఏడుస్తున్నాను కాబట్టి. హెడ్‌షాట్ ఆ గదిలో ఉప సంచాలకులు గారిని అన్న మాట ఇక్కడ అచ్చువేయడం కుదరదు. అత్త మాత్రం లేచి, చీర సర్దుకుని, "పదండ్రా. ఆయన కొలత తప్పేం కాదు," అంది.

శాఖవారు మనుషుల శ్రమను గుర్తించని వాళ్లు కారు. పోయిన వారం మా ఇంటికి ఇద్దరు ఉద్యోగులు ఫొటోగ్రాఫరుతో సహా వచ్చారు. అరవై దాటినవారిలో అత్యధిక స్కోరు సాధించినందుకు అత్తకి శాఖ తరఫున 'ఉత్తమ దృష్టి' ధ్రువపత్రం ఇచ్చారు. మంచి అట్ట, అంచున బంగారు రంగు గీత, కింద ఉప సంచాలకులు గారి సంతకం. ఫొటో కోసం దాన్ని గుండెల దగ్గర పట్టుకోమన్నారు. అత్త రెండు చేతులతో అందుకుని, అంచులు తడిమి, అట్ట అటూ ఇటూ తిప్పి, నన్ను చెవి దగ్గరికి రమ్మని, వాళ్లకి వినపడకుండా అడిగింది.

"ఒరేయ్, దీనికి పై వైపు ఏదిరా?"